సంచి మార్చాను

ఫిబ్రవరి 24

మిషన్ ఇవాళ వచ్చింది. వాక్యూమ్ క్లీనర్ అని పెట్టె మీద రాసి ఉంది. ఎర్రరంగు, పొట్ట పెద్దది, కాళ్ళు చిన్నవి, మాటకు ముందు గొణుగుడు. అచ్చం మా షాపు ఓనరులా ఉంది.

మా ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళి నాలుగు రోజులైంది. నల్లులు పోయాక వస్తానంది. ఆమె కుట్టేది పెళ్ళిబట్టలు. తెల్లటి గుడ్డ మీద ఒక్క నల్లి పాకిందంటే కుట్టుషాపు యజమానురాలు ఆ పూటే ఇంటికి పంపేస్తుంది. కాబట్టి ఆమె వెళ్ళడం సబబే. కోపంతో మాత్రం వెళ్ళలేదు. కోపంతో వెళ్ళేవాళ్ళు నాలుగు రోజులకు సరిపడా కూర చేసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళరు. ఆ కూర ఇవాళ్టితో అయిపోయింది.

మందు కొట్టించడానికి వీల్లేదు. ఆ వాసన వారం తర్వాత కూడా ఆమెకు ఆయాసం తెప్పిస్తుంది. అందుకే మిషన్.

పరుపు కుట్ల వెంబడి, మంచం కోళ్ళ సందుల్లో, బోల్టుల చుట్టూ సన్నమూతి గొట్టం పెట్టి నెమ్మదిగా లాగాలి. తొందరపడితే పట్టు వదలవు. పని కాగానే లోపలి దుమ్ముసంచి తీసి, కవర్లో పెట్టి, మూతి బిగించి కట్టి, వీధి చివర చెత్తకుండీలో పడేసి రావాలి. లోపలికి పోయిన నల్లులు చావవట. సంచిలో నెలల తరబడి బతికే ఉంటాయట, వదిలేస్తే వెళ్ళిన దారినే బయటికి వస్తాయట. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఈ ఒక్క ముక్కా లావు అక్షరాల్లో వేశారు.

గొట్టం మొదట్లో ఒక జానెడు అద్దంలా ఉంటుంది. పోయేవి కనిపిస్తాయి. అరవై ఒకటి. సంచి మార్చాను.

ఫిబ్రవరి 25

ముప్పై ఎనిమిది. సంచి మార్చాను.

ఫిబ్రవరి 27

షాపులో ఇవాళ పని తక్కువ. ఓనరు బల్ల మీద తల పెట్టి నిద్రపోయాడు. నేను కూర్చుని నా సంగతి ఆలోచించుకున్నాను. ఇరవై ఐదేళ్ళుగా కళ్ళద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్నాను. అంచు వెంట్రుకవాసి ఎక్కువైనా నా వేలికి తెలిసిపోతుంది. చూపు లేని మనిషినని నన్నెవరూ అనలేరు.

డిసెంబరు నుంచి మా ఆవిడ చేతులు చూపిస్తూనే ఉంది. మోచేతి కింద వరసగా మూడేసి దద్దుర్లు. దోమలన్నాను. దోమతెర కట్టింది. దద్దుర్లు తగ్గలేదు. సబ్బు పడలేదేమో అన్నాను. సబ్బు మార్చింది. ఆ తర్వాత, నీకు పట్టింపు ఎక్కువైంది, ఏమీ లేనిదానికి గీరుకుంటున్నావు అన్నాను. నన్ను ఒక్కటీ కుట్టలేదు మరి. కొందరిని కుట్టినా ఒంటి మీద మచ్చ తేలదని పుస్తకంలో ఉంది. పుస్తకం ఇప్పుడొచ్చింది, అప్పుడు లేదు.

పోయిన వారం ఒకరోజు భోజనానికి కూర్చుంటే, కంచం పక్కన గుండీలు దాచుకునే గాజుడబ్బీ పెట్టింది. అందులో మూడు నల్లులు.

"ఇవి దోమలా?" అంది.

నేను లేచి వెళ్ళి భూతద్దం తెచ్చుకుని చూశాను. చూడాల్సిన పనేం లేదు, ఒక్కోటి చింతగింజలో సగం ఉంది. అయినా చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా. "దోమలు కాదు" అన్నాను. ఆమె ఇంకేదో వింటానన్నట్టు కాసేపు నిలబడింది. నేను అన్నం కలుపుకున్నాను. మర్నాడు వెళ్ళింది.

పందొమ్మిది. సంచి మార్చాను.

మార్చి 2

ఫోన్ చేసింది.

"ఎన్ని?"

"పదకొండు."

"ఊఁ."

పెట్టేసింది. ఈమధ్య రోజూ ఇలా మాట్లాడుకుంటున్నాం. పెళ్ళయిన కొత్తల్లో కూడా ఇంత క్రమం తప్పకుండా మాట్లాడుకోలేదు.

మార్చి 5

గుడ్లు మిషన్‌కు లొంగవు. జిగురుతో అతికినట్టుంటాయి. వంటింటి గట్టు తుడిచే పాత బ్రష్షుతో గీకి, రాలినవి రాలినట్టే పీల్చాలి. షాపులో వాడే కంటిభూతద్దం ఎడమకంటికి బిగించుకుని మంచం కింద రెండు గంటలు పడుకున్నాను. ఆమె వైపు మంచంకోడు సందులో ఇరవై గుడ్లు. ఆ సందుకూ ఆమె మోచేతికీ బెత్తెడు దూరం లేదు. నా వైపు సున్నా. నడుం పట్టేసింది.

ఆరు. సంచి మార్చాను.

మార్చి 9

సున్నా. సంచి మార్చాను.

మార్చి 10

సున్నా. ఫోన్ రాలేదు. నేనూ చేయలేదు. సంచి మార్చాను.

మార్చి 12

సున్నా. "ఎన్ని?" అని అడిగితే "రెండు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పూర్తిగా ఖాయం చేసుకోకుండా సున్నా అని ఎలా చెప్తాం, అందుకే అయి ఉంటుంది. సంచి మార్చాను.

మార్చి 15

ఇవాళ చెప్పేశాను.

"సున్నా. వారంగా సున్నాయే."

"మంచిదండీ."

"మరి?"

"మరేముంది. ఇక్కడినుంచి మా కుట్టుషాపు దగ్గర. కొన్నాళ్ళు ఉంటాను."

"నల్లులు లేవంటున్నాగా."

"నల్లుల గురించి కాదండీ."

"మరి దేని గురించి?"

అవతల వాళ్ళక్క ఏదో అడగడం, ఈమె "వస్తున్నానక్కా" అనడం వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "రెండు నెలలు చెప్పాను మీకు. ఒక్కరోజైనా నమ్మారా? నాకే ఏదో జబ్బు చేసిందేమోనని అద్దం ముందు నిలబడి ఏడ్చేదాన్ని. అది మీకు ఇప్పటికీ తెలీదు."

తెలియదు. నిజమే. తెలియదని చెప్పేలోపు పెట్టేసింది.

మళ్ళీ ఒకసారి ఇల్లంతా మిషన్ వేశాను. ఏమీ రాలేదు. సంచి మార్చాను.

మార్చి 16

ఇంతగా ఇల్లు శుభ్రం చేసిన మొగుడు ఈ వీధిలో ఇంకొకడు లేడు. ఈ మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. తోడల్లుడికి ఫోన్ చేసి, ఎలా ఉన్నారన్నయ్యా అని మొదలుపెట్టి, గంటసేపు మిషన్ గురించి చెప్పాను. నల్లులే కాదు, చీమలు, బొద్దింకలు, సాలెపురుగులు, దేన్నైనా పీల్చి పారేస్తుందన్నాను. ఆమె పక్కనే ఉండి వింటుందనుకున్నాను. లేదట, పనికి వెళ్ళిందట.

మార్చి 23

ఆదివారం. పొద్దున్నే నా కుర్చీ తిరగేశాను. పేముకుర్చీ. నవంబరులో పాతసామాన్ల దుకాణంలో చూసి ముచ్చటపడి తెచ్చుకున్నాను. పేపరు చదవడానికి దాన్ని మించినది లేదు. "ఆ కుర్చీ వచ్చినప్పటినుంచేనండీ" అని ఆమె మొదట్లోనే అంది. ఆ కుర్చీ గురించి ఒకర్నొకరు ఎన్ని అనుకోవాలో అన్నీ అనుకున్నాం. అందుకని ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు.

కింది అల్లికంతా అవే. తల్లులు, పిల్లలు, గుడ్లు, పొట్టు. మిషన్ పెడితే పేము పీచు కూడా ఊడి వచ్చింది. నలభై ఏడు. గొట్టంలో టపటపా చప్పుడైంది.

మిషన్ ఆపి ఊపిరి పీల్చుకున్నానో లేదో తోడల్లుడు తలుపు కొట్టాడు. ఆయన వస్తే కూర్చోడు, అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడతాడు.

"తమ్ముడూ, మా ఫ్రిజ్ వెనకాల బొద్దింకలు కాపురం పెట్టాయి. మందు కొడదామంటే మీ ఆవిడకి ఆయాసమాయె. నువ్వన్న మిషన్ ఓ నాలుగు రోజులు ఇవ్వు."

"తీసుకెళ్ళండన్నయ్యా."

"ఎలా వాడాలి? లోపలేమైనా మార్చాలా?"

"అలాగే వాడుకోవచ్చు. స్విచ్ వేయడమే."

మెట్లు దిగి నేనే మోసుకెళ్ళి కారులో పెట్టాను. కుర్చీని కవర్లో చుట్టి, ఇంకెవరూ వాడకుండా కాళ్ళు విరిచి, చెత్తబండికి వేశాను.

సంచి మార్చాననే అనుకుంటున్నాను. రోజూ మార్చేవాణ్ణి ఇవాళ మార్చకుండా ఎందుకుంటాను.

మార్చి 24

సంచుల ప్యాకెట్‌లో ఎన్ని మిగిలాయో చూడబోయి మానేశాను. ఉన్నన్ని ఉంటాయి.

ఏప్రిల్ 1

ఒక ముసలాయన కళ్ళద్దాల్లో కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించాను. ఆయన పెట్టుకుని రెండడుగులు వేసి తలుపును గుద్దుకున్నాడు. ఓనరు నన్ను పక్కకు పిలిచి, "ఏంటయ్యా, కొత్తగా చేరినవాడిలాగా. ఇంట్లో అంతా బాగానే ఉందా?" అన్నాడు. బాగుందన్నాను. ఇల్లు చాలా శుభ్రంగా ఉందని కూడా చెప్పాను.

ఏప్రిల్ 6

ఫోన్ చేసింది. ఎన్ని అని అడగలేదు.

"అక్కకి చేతుల మీద దద్దుర్లండీ. వరసగా మూడేసి."

"దోమలేమో" అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

ఏప్రిల్ 12

వచ్చేసింది.

షాపు నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. తాళంచెవి ఆమె దగ్గరా ఉంది, అయినా లోపలికి వెళ్ళలేదు. పెట్టెను మూడు కవర్లలో చుట్టి టేపు వేసింది. "వీటిని బాల్కనీలోనే ఉంచండి. అన్నీ వేడినీళ్ళలో వేస్తేగానీ లోపలికి తేకూడదు" అంది. కట్టుబట్టలు కూడా మార్చుకున్నాకే మంచినీళ్ళు తాగింది.

జరిగింది ఇది. నిన్న వాళ్ళక్క పరుపు తిరగేస్తే కుట్ల వెంబడి నల్లులు. తోడల్లుడు నడవాలో అటూ ఇటూ తిరుగుతూ, నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను అన్నాడట. వదిన, అదే వాళ్ళక్క, ఒంటికాలి మీద లేచిందట. నల్లుల కొంపలోంచి వచ్చావు, నీ పెట్టెలోనే తెచ్చావు, నా ఇంటికి పట్టించావు అందట. ఈమె తనతో తెచ్చుకున్న ప్రతి గుడ్డనీ మరిగించి, ఇస్త్రీ చేసి, పెట్టె అంచులు సూదితో గీకి చూసుకుని మరీ వెళ్ళింది. ఎంత చెప్పినా వినలేదట. కుట్టుషాపులో ఎవరో చెప్పేలోపు ఈమే చెప్పేసిందట. నెలరోజులు రావద్దన్నారు.

ఇదంతా చెప్పి, గ్లాసు కింద పెట్టి, నా మొహంలోకి చూసింది.

"నా ద్వారా రాలేదండీ. మీరైనా నమ్ముతారా?"

"నమ్ముతాను" అన్నాను.

"నిజంగానా?"

"ఒట్టు. నీ ద్వారా రాలేదు."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె మాట మీద నాకు ఇంత నమ్మకం ఎప్పుడూ కలగలేదు. ఆమె మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. "ఇన్నాళ్ళకి ఒక్క మాట నమ్మారు" అంది.

ఏప్రిల్ 13

ఇంట్లో టీ వాసన వస్తోంది. నాకు చాలా సంతోషంగా ఉంది. సంతోషంగా ఉందనే రాస్తాను, ఉంది కాబట్టి.

ఏప్రిల్ 15

ఇంత బాగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. షాపులో ఏం చేశారు అని అడుగుతోంది. నేను చెప్తే వింటోంది. మంచం తిరగేసి చూసి, "ఒక్క మచ్చ లేదు, ఎంత కష్టపడ్డారండీ" అంది. పాత మాటలేవీ ఎత్తలేదు. కుర్చీ ఏమైందని అడిగింది, పారేశానన్నాను. "నచ్చి కొనుక్కున్నారు కదా, పాపం" అంది.

మిషన్ ఇంకా వాళ్ళక్క ఇంట్లోనే ఉంది. తెచ్చుకోండి అంటుంది. తెస్తాను.

ఏప్రిల్ 16

ఆమె వాళ్ళక్కకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తి పెట్టేసింది.

ఏప్రిల్ 17

మళ్ళీ చేసింది. వదిన ఎత్తలేదు. తల్లి పోయినప్పుడు ఈమెకు ఏడేళ్ళు, వాళ్ళక్కకు పదిహేను. జడ వేయడం దగ్గర్నుంచి కుట్టు నేర్పడం దాకా అన్నీ ఆమే చేసింది. ఈ సంగతి నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఇవాళ ఈమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం చూశాక ఇంకో రకంగా తెలిసింది.

ఏప్రిల్ 18

సాయంత్రం మెట్ల దగ్గర కింది వాటా ఆవిడతో మాట్లాడుతోంది. తలుపు తీసే ఉంది, వినిపించింది.

"తోడబుట్టింది కూడా నమ్మలేదండీ. మా ఆయన ఒక్కరే నమ్మారు. ఇంక నాకది చాలు."

నేను పడగ్గదిలో కుక్కిన పేనులా కూర్చున్నాను.

ఏప్రిల్ 19

ఆమె మొన్నటినుంచి సరిగా తినడంలేదు. వదినకు ఉత్తరం రాసింది. చదివి వినిపించింది. ఒక్కో బట్ట పేరు రాసి, దేన్ని ఎంతసేపు మరిగించిందో రాసింది. లోపలి లంగాలు కూడా వదల్లేదు. "ఇలా రాస్తే నమ్ముతుందంటారా?" అని అడిగింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇలా బతకడం నావల్ల కాదు.

ప్యాకెట్ తీసి చూశాను. మార్చి ఇరవై మూడున సంచి మార్చి ఉంటే ఎన్ని మిగలాలో, దానికంటే ఒకటి ఎక్కువే ఉంది.

ఏప్రిల్ 20

పొద్దున టీ తాగుతుండగా చెప్పాను.

"సంచి మార్చలేదు."

"ఏ సంచి?"

"అన్నయ్య మిషన్ తీసుకెళ్ళిన రోజు. ఆ పొద్దునే కుర్చీలోంచి నలభై ఏడు తీశాను. అవన్నీ అందులోనే ఉన్నాయి. అలాగే ఇచ్చాను."

"మర్చిపోయారా?"

మర్చిపోయానని చెప్పడానికి అంతా సిద్ధంగా ఉంది. ఆమె నా నోటికి అందించినట్టే ఉంది.

"లేదు. ఆయన అడిగాడు కూడా, ఏమైనా మార్చాలా అని. అక్కర్లేదన్నాను. నువ్వు రానన్నావని. అక్కడ కూడా నల్లులుంటే ఇంక ఎక్కడికి వెళ్తావని."

టీ గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. నాదీ కడిగింది. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"చెప్పులేసుకోండి" అంది.

నన్ను వాళ్ళక్క ఇంటికి తీసుకెళ్ళింది. వదిన తలుపు తీసి, చెల్లెల్ని చూసి మొహం తిప్పుకుంది. తోడల్లుడు నడవాలో తిరగడం మొదలుపెట్టాడు. నేను నిలబడే అంతా చెప్పాను, ఏ ముక్కా వదలకుండా. వదిన చివరిదాకా విని తల ఊపింది.

"చాల్లెండి మరిదిగారూ. పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నారు. మంచిదే. కానీ మా చెవుల్లో పూలు పెట్టకండి."

నేను చేసిన వెధవపని నేనే ఒప్పుకుంటుంటే, మంచివాణ్ణని కొట్టిపారేస్తోంది.

"మిషన్ ఎక్కడుంది?" అన్నాను.

వాళ్ళ మంచం కిందే ఉంది. బొద్దింకల పని ఒక్కపూటతో తేలిపోతే, ఆ రోజునుంచీ అక్కడికే తోసేశారట. బాత్రూములోకి తీసుకెళ్ళి, తెల్లటి బకెట్‌లో పెట్టి మూత విప్పాను. సంచి తీసి చింపాను. పైన బొద్దింకల కాళ్ళు, పిండి, దుమ్ము. వాటి అడుగున బంగారురంగు పీచు ముద్దగా ఉంది. పీచుకు పొట్టు, గుడ్ల పెంకులు, ఇంకా కదులుతున్నవి నాలుగు. జేబులోంచి కంటిభూతద్దం తీసి వదినకు ఇచ్చాను.

"ఇది పేము, వదినా. నా కుర్చీది. మీ ఇంట్లో పేము సామాను ఒక్కటి కూడా లేదు. మీ బొద్దింకలు పైన ఉన్నాయి, నా నల్లులు కింద ఉన్నాయి. ముందు ఏవి వెళ్ళాయో మీరే చూడండి."

ఆమె భూతద్దం కంటికి పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది. తోడల్లుడు తిరగడం ఆపి మొదటిసారి ఒకచోట నిలబడ్డాడు. వదిన లేచింది. భూతద్దం నా చేతిలో పెట్టింది. వెనక నిలబడ్డ చెల్లెలి దగ్గరకు వెళ్ళి, "ఇంత దూరం తెచ్చుకున్నానే, నా నోరు పడిపోను" అని పట్టుకుని భోరున ఏడ్చింది. ఈమె కూడా. బాత్రూము గుమ్మంలో వాళ్ళిద్దరూ అలా ఉన్నారు, బకెట్‌తో బయటికి రావడానికి నాకు దారి లేదు. లోపలే నిలబడ్డాను.

కాసేపటికి ఆ సంచిని మూట కట్టి, వెంట తెచ్చుకున్న ప్యాకెట్‌లోంచి కొత్తది పెట్టాను. వాళ్ళ పరుపులు, మంచాలు, సోఫా అన్నీ చేశాను. మధ్యాహ్నం దాటింది. ముప్పై మూడు. సంచి మార్చాను, నలుగురి ఎదుటా.

బయల్దేరుతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చింది. చెప్పులు వేసుకోలేదు.

"మూడు రోజులకోసారి వచ్చి మిషన్ వేయండి, ఇక్కడ పూర్తిగా పోయేదాకా. నేనెప్పుడొస్తానో మాత్రం అడక్కండి."

"అడగను."

"నిజం చెప్పారు, కాదనను. కానీ మొన్న నేను ఏడ్చినప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ ఏడుపు నాకిప్పుడు సిగ్గుగా ఉంది."

సిగ్గుపడాల్సింది నేనన్నాను. అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

మిషన్ మోసుకుంటూ నడిచి వచ్చాను. వదినకు పేము పీచు కావాల్సి వచ్చింది, భూతద్దం కావాల్సి వచ్చింది. పొద్దున మా ఇంట్లో, నా నోటి మాట తప్ప ఏమీ లేనప్పుడు, మర్చిపోలేదని నేను అనగానే ఆమె నమ్మింది. ఆమెను నమ్మడానికి నాకేమో రెండు నెలలు, ఒక గాజుడబ్బీ, మూడు నల్లులు కావాల్సి వచ్చాయి.